ఉప్పు లేని పదమూడు నెలలు

ఇది రాయాలని ఆరేళ్లుగా అనుకుంటున్నాను. కాగితం ముందు పెట్టుకున్న ప్రతిసారీ నా జబ్బు గురించి రెండు పేజీలు రాసి, ఖైరూన్‌బీ పేరు రాయవలసిన చోటికి వచ్చేసరికి ఆపేసేదాన్ని. ఈసారి ఆమె పేరు ముందే రాసేశాను. ఇక ఆగడానికి వీల్లేదు.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని. మేం ప్రొద్దుటూరులో ఉండేవాళ్లం. నేను ఆడపిల్లల ఎలిమెంటరీ బడిలో పంతులమ్మను. మా ఆయన తాలూకాఫీసులో గుమాస్తా. ఇంట్లో మా అత్త, మూడేళ్ల మా పాప. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. ఆషాఢంలో గొంతు నొప్పి వచ్చి, దానంతటదే తగ్గింది. రెండు వారాల తర్వాత ఒక పొద్దున అద్దంలో చూసుకుంటే కళ్ల కింద సంచులు వేలాడుతున్నాయి. నిద్ర చాలలేదనుకున్నాను. బడికి పోతే, పంతులమ్మ ఏడ్చినట్టుందని పిల్లలు గుసగుసలాడుకోవడం వినబడింది. వారం తిరిగేసరికి కాలి మెట్టెలు బిగుసుకుపోయాయి. ఒకదాన్ని మా అత్త సబ్బు నురగ పెట్టి తీయగలిగింది. రెండోదాన్ని కంసాలి వచ్చి కత్తిరించాడు.

శ్రావణం

జమ్మలమడుగు ఆసుపత్రి వసారాలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. మా పక్కన కూర్చున్న ముసలాయన ఎవరో తెలియదు. నేను గోడకు ఆనుకోలేక అవస్థపడుతుంటే తన తలగుడ్డ విప్పి, మడిచి నా వీపు వెనక పెట్టాడు. పేరు అడగాలనుకునేలోపే ఆయన్ను లోపలికి పిలిచారు. తర్వాత మళ్లీ కనబడలేదు, ఆ గుడ్డ నా దగ్గరే ఉండిపోయింది.

డాక్టరు నా కాలి మీద బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది. అది ఎంతసేపటికీ పూడలేదు. మా ఆయన ఆ గుంట వంకే చూస్తూ నిలబడ్డాడు, నా ముఖం చూడలేకపోయాడు. మూత్రపిండాలు వాచాయని, వార్డులో చేరాలని, ఉప్పు నాలుకకు తగలకూడదని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆయన రెండుసార్లు చెప్పాడు, రెండోసారి మా ఆయన వైపు తిరిగి మరీ చెప్పాడు. కాబట్టి నాకు తెలియక చేశానని అనడానికి లేదు.

పాపను ఖాజీపేటలో మా అమ్మ దగ్గరికి పంపించేశారు. వార్డులో ఎనిమిది మంచాలు. నా పక్క మంచం ఖైరూన్‌బీది. పులివెందుల మనిషి, నలభై దాటింది. భర్త పరుపులు కుట్టేవాడు. ఆమెకు ఈ జబ్బు రెండేళ్లుగా వస్తూ పోతూ ఉంది. చెల్లెలు మహబూబ్‌బీ తోడుగా వచ్చి, మంచం పక్కన నేల మీద చాప వేసుకుని ఉండేది. నేను చేరిన మొదటిరోజు ఏడుస్తుంటే ఖైరూన్‌బీ నా వైపు తిరిగి, "పంతులమ్మా, మనిద్దర్నీ గుడ్డలో మూటగట్టి పిండితే ఊరికంతా నెల్రోజులు సరిపోయే నీళ్లొస్తాయి. ఏడ్సి ఎందుకు వేస్టు చేస్తావు" అంది. నవ్వు వచ్చింది. ఆ వార్డులో నేను నవ్వింది ఆమె వల్లే.

సూది పొడిచేటప్పుడు మంచం మీంచి చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకునేది. నేను లేచి కూర్చోలేని రోజుల్లో తన చెల్లెలి చేత నాకు తల దువ్వించింది. మధ్యాహ్నం కంచాలు వచ్చేవి. చప్పటి అన్నం, నీళ్లలో ఉడికించిన సొరకాయో బీరకాయో. ముక్క నోట్లో పెట్టుకుంటే తడిసిన గుడ్డ నమిలినట్టుండేది. కంచం రాగానే ఖైరూన్‌బీ నోటితోనే వంట మొదలుపెట్టేది. ఈ సొరకాయ తన చేతిలో పడి ఉంటే ఏం చేసేదో, ఎర్రగడ్డ ఎంత కోసేదో, కొత్తిమీర ఎప్పుడు వేసేదో, అంతా వరుసగా చెప్పేది. ఆమె చెబుతుంటే మేమిద్దరం రెండు ముద్దలు ఎక్కువ తినేవాళ్లం.

మూడో వారంలో మా అమ్మ వచ్చింది. వచ్చేటప్పుడు తువ్వాలులో చుట్టి ఒక చిన్న పింగాణీ గిన్నె తెచ్చింది. నిమ్మకాయ ఊరగాయ. దాన్ని నా బట్టల మూటలోకి తోసి, చెవి దగ్గర చెప్పింది. "డాక్టర్లకేం తెలుసు. నాలుకే సచ్చిపోయినాక మనిషి యాడ బతుకుతాది. గోరంత నాకు, అంతే." మా అమ్మది ప్రేమే. నాది ఆశ. గోరంత నాకాను. మరునాడు కొంచెం ఎక్కువ. మూడోనాటికి ఒక ముక్క మొత్తం తిన్నాను.

వాసన దాగదు కదా. ఖైరూన్‌బీ మెల్లగా అడిగింది, నీ మూటలో ఏముందని. ఆమెకూ పెట్టాను. ఇద్దరం దొంగపిల్లల్లాగా నవ్వుకున్నాం.

ఆరోనాటి పొద్దున నాకు కళ్లు తెరుచుకోలేదు. రెప్పలు అంతగా ఉబ్బాయి. తగ్గుతూ వచ్చిన కాళ్లు మళ్లీ స్తంభాల్లా అయ్యాయి. డాక్టరు వచ్చి చూసి, బయటి తిండి ఏమైనా తిన్నావా అని అడిగాడు. లేదన్నాను. ఆయన వెళ్లిపోయాక నాకు పట్టుకున్న భయం ఎలాంటిదంటే, ఆ గిన్నె నా మూటలో ఉంటే మళ్లీ తినేస్తానని, తింటే చచ్చిపోతానని. పారేయడానికి లేచి నడవలేను. మధ్యాహ్నం మహబూబ్‌బీ నీళ్లకు వెళ్లినప్పుడు గిన్నె తీసి ఖైరూన్‌బీ చేతిలో పెట్టాను. నాకు చాలు, నువ్వు తినక్కా అన్నాను.

ఆమె నా ముఖం వంక కొంచెం ఎక్కువసేపే చూసింది. "నీకొద్దా?" అంది.

"మొహం మొత్తిందక్కా."

అంతే మా ఇద్దరి మధ్య నడిచిన మాట. నా ముఖం ఎందుకు ఉబ్బిందో నేను చెప్పలేదు. మొహం మొత్తిందని మాత్రం చెప్పాను.

రెండు రోజుల్లో ఆమె ఆ గిన్నె ఖాళీ చేసింది. మూడోనాడు పడుకోలేకపోయింది. పడుకుంటే ఊపిరి ఆడడం లేదని చెల్లెలి భుజానికి ఆనుకుని కూర్చుంది. మంచం చుట్టూ గుడ్డ తెర పెట్టారు. తెర కింద నుంచి నాకు నర్సుల పాదాలు, మహబూబ్‌బీ పాదాలు మాత్రం కనబడేవి. మరునాడు మధ్యాహ్నం కంచాలు వచ్చే వేళకు పోయింది. కంచాలు తెచ్చిన మనిషికి సంగతి తెలియక, ఎప్పటిలాగే తెర పక్కన ఆమె కంచం పెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం బండి మాట్లాడుకుని తీసుకుపోయేముందు మహబూబ్‌బీ నా దగ్గరికి వచ్చింది. ఆ పింగాణీ గిన్నె శుభ్రంగా కడిగి తెచ్చింది. "ఇది మీది" అని నా మంచం మీద పెట్టి పోయింది.

ఆ మనిషి మూత్రపిండాలు ఎప్పుడో చెడిపోయాయని డాక్టరు ఇంకో డాక్టరుతో అనడం విన్నాను. ఆ మాటను పట్టుకుని చాలా రోజులు గడిపాను. అది నిజమే అయి ఉంటుంది. కానీ ఊరగాయ లేకపోతే ఇంకొక నెల ఉండేదా, ఒక పండగ చూసేదా అన్నది ఆ మాటలో లేదు.

భాద్రపదం

అయిదు వారాలకు ఇంటికి వచ్చాను. ఉప్పు మాత్రం ఇంకా ముట్టకూడదు. ఎన్నాళ్లో తెలియదు.

మా అత్త అంటే నాకు భయం. మాట కరుకు. ఆసుపత్రికి ఒక్కసారే వచ్చింది, పది మాటలు కూడా మాట్లాడలేదు. నేను ఇంటికి వచ్చిన మొదటిరోజు చప్పటి అన్నం పెట్టి, తను కూడా అదే తన కంచంలో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. మూడు రోజులు చూసి, మీరెందుకు తింటున్నారని అడిగాను. "నేను తినలేంది నిన్నెట్ల తినమనేది? ఏం తక్కువైందో నా నాలిక్కి తెలిస్తేనే కదా ఏమన్నా చేసేది" అంది. నేను ఉప్పు ముట్టనన్నాళ్లూ రోజుకొక పూట ఆమె నాతోపాటు చప్పిడి తిన్నది. మా ఆయన మాత్రం హోటల్లో తిని, ఇంటికొచ్చి చేతులు రెండుసార్లు కడుక్కునేవాడు. వాసన రాకూడదని. ఆ కడుక్కోవడం వినబడితే నాకు ఇంకా బాధగా ఉండేది. ఒకరోజు కసిరాను కూడా.

మా ఊరి బావివి చౌటి నీళ్లు, సవ్వగా ఉండేవి. వాటిలో ఉడికిస్తే కూరగాయలు పీచుగా, చేదుగా అయ్యేవి. పైగా ఉన్న కాస్త రుచీ నీళ్లలోకి దిగిపోయేది. కూర నీళ్లలో మునగకూడదు, ఆవిరి తగలాలి అని మా అత్తే కనిపెట్టింది. కుడుములు చేసేటప్పుడు తపేలా మూతికి గుడ్డ బిగించి కడతాం కదా, ఆ వాసెన కట్టింది. అడుగున రెండు చెంబుల నీళ్లు. గుడ్డ మీద అరటాకు ముక్క, దాని మీద కూరగాయలు, పైన ఇంకో గిన్నె బోర్లించేది. నీళ్లలో ఒక గులకరాయి వేసేది. నీళ్లు మరుగుతున్నంతసేపూ రాయి గలగలమంటుంది, చప్పుడు ఆగితే నీళ్లు అయిపోయినట్టు. ఆమెకు చూపు తక్కువ. చెవితో వంట చేసేది.

ఈ జబ్బుతో ఇంట్లో కూర్చున్నవాళ్లకు ఉపయోగపడుతుందని కొంచెం వివరంగా రాస్తున్నాను. ఏం తినాలో, ఎంత తినాలో డాక్టరునే అడగండి. మాకు తెలిసింది రుచి సంగతి మాత్రమే. అన్ని కాయలూ ఒకేసారి పెట్టకూడదు. గోరుచిక్కుళ్లు, కాకరకాయ ముందు పెట్టాలి. గుమ్మడి, అరటికాయ సగంలో. బీరకాయ, సొరకాయ చివర్న వేసి, వాసన రాగానే దించేయాలి. ముక్క వేలితో నొక్కితే కొంచెం ఎదురు తిరగాలి. మెత్తబడిందంటే ఆసుపత్రి కూర అయిపోతుంది. నాకది ముద్ద దిగేది కాదు.

ఆవిరికే వాసన పట్టించవచ్చని కార్తీకం నాటికి తెలిసింది. అడుగు నీళ్లలో పుదీనా కాడలు వేస్తే పైన సొరకాయకు ఆ వాసన ఎక్కుతుంది. గుమ్మడికి వాము, గోరుచిక్కుళ్లకు కరివేపాకు. తెల్లగడ్డ పాయలు పొట్టుతో కూరగాయల మధ్య పెడితే వెన్నలా ఉడుకుతాయి. వాటిని పిండి, ముక్కలకు పట్టించాలి. నువ్వులు వేయించి నూరితే ఉప్పు లేని లోటు సగం తీరుతుంది. జీలకర్ర మాడే ముందు దించాలి. నిమ్మరసం పొయ్యి మీద ఉండగా పిండకూడదు, కంచంలో పిండాలి. ఎర్రగడ్డను నిప్పుల్లో కాల్చి నలిపితే కమ్మగా ఉంటుంది. ఎండాకాలంలో పచ్చిమామిడి తురుము. పులుపూ ఘాటూ తగిలితే నాలుక కాసేపు ఉప్పును అడగడం మరిచిపోతుంది. కాసేపే. మళ్లీ అడుగుతుంది.

నాకు ఇవేవీ హాయిగా తిన్న జ్ఞాపకం లేదు. కాల్చిన ఎర్రగడ్డ సొరకాయలో కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు బాగుంది, నిజంగా బాగుంది. ఆ క్షణానే, వార్డులో పక్క మంచం నుంచి వచ్చినట్టే, ఖైరూన్‌బీ మాట వినబడింది. "బాగుందా? నాకూ రోంత పెట్టు." అంత స్పష్టంగా వినబడితే వెనక్కి తిరిగి చూశాను. గోడ. ఆ రోజు నుంచి ఏదైనా రుచిగా కుదిరితే చాలు, ఆమె అడిగేది. కుదరని రోజు రాదు. అందుకని నేను కొన్నిరోజులు కావాలనే కూర చెడగొట్టాను. గులకరాయి చప్పుడు ఆగినా లేవకుండా కూర్చున్నాను. మా అత్త వచ్చి తపేలా దించి, మాడిన గుడ్డ విప్పుతూ నా వంక చూసింది.

ఇంకొకటి. వడ్డించుకునేటప్పుడు తెలియకుండానే రెండు వాటాలు వేసేదాన్ని. రెండోది తనకని మా అత్త అనుకునేది. ఆమెకూ వేసి చూస్తే మూడు ఉండేవి.

మా అమ్మ పాపను తీసుకుని వచ్చినప్పుడల్లా ఇంటికి వచ్చినవాళ్లందరితో చెప్పేది, డాక్టర్లు నోరు కట్టేస్తే తన ఊరగాయ గోరంత పోయి ప్రాణం నిలబెట్టిందని. నేను అక్కడే కూర్చుని వినేదాన్ని. ఆమెకు నిజం చెబితే తనే ఒక మనిషిని చంపానని అనుకుంటుంది. ఇప్పటికీ చెప్పలేదు. మా అమ్మకు చదవడం రాదు కాబట్టే ఇది రాయగలుగుతున్నాను.

జ్యేష్ఠం

వాపు పూర్తిగా తగ్గింది. జమ్మలమడుగు డాక్టరు పరీక్షలు చూసి, ఇక కొద్దిగా ఉప్పు వేసుకోవచ్చన్నాడు. మా ఆయన ఆ రోజు మిఠాయి తెచ్చాడు. బడిలో మళ్లీ చేరాను.

ఉప్పు మాత్రం వేసుకోలేకపోయాను. చిటికెడు తీసి అన్నం మీద చల్లబోతే చెయ్యి ఆగిపోయేది. నెల అయింది, రెండు నెలలు అయింది. ఇంట్లో అందరూ నాకు చప్పిడి అలవాటైపోయిందనుకున్నారు. శ్రావణం వచ్చాక ఒక మధ్యాహ్నం మా అత్త పొయ్యి దగ్గర నన్ను కూర్చోబెట్టి, "జబ్బు పోయింది గదా, ఇంకేంది నిన్ను తింటాండేది" అని అడిగింది. చెప్పేశాను. గిన్నె, నా ముఖం, మొహం మొత్తిందన్న మాట, అన్నీ. ఆమె తిట్టలేదు, ఓదార్చలేదు. చాలాసేపు పట్టకారుతో బూడిద కెలుకుతూ కూర్చుంది.

"ఇది నువ్వు చెప్పాల్సింది నాకు గాదు" అంది.

భాద్రపదం, మళ్లీ

పులివెందులకు మా ఆయనతో బస్సులో పోయాను. పలకరింపుకని మాత్రమే ఆయనతో చెప్పాను. ఆయన బస్టాండు దగ్గర ఉండిపోయాడు. పరుపులు కుట్టే వాళ్ల ఇల్లని అడుగుతూ పోతే, గడప అంతా దూది పట్టిన ఇల్లొకటి చూపించారు. ఖైరూన్‌బీ భర్త పని మీద సింహాద్రిపురం పోయాడట. మహబూబ్‌బీ అక్క పిల్లల్ని చూసుకుంటూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. చాప వేసి, నీళ్లిచ్చింది. ఒళ్లెట్లుందని అడిగింది.

నేను నీళ్లు తాగకుండానే మొదలుపెట్టాను. ఆగితే చెప్పలేనని తెలుసు. ఉప్పు తిని నాకు వాపు పెరిగిందని, ఆ సంగతి తెలిసి కూడా మిగిలినదంతా అక్క చేతిలో పెట్టానని, ఎందుకు మానేశానో చెప్పలేదని చెప్పాను.

ఆమె తన కొంగుకు పట్టిన దూదిని ఒక్కొక్క పోగూ తీస్తూ వింది.

"ఆమెకు తెల్సు" అంది. "ఆ సాయంత్రమే చెప్పింది నాతో. పంతులమ్మ మొకం ఉబ్బింది, బయపడి నాకిచ్చేసింది, ఆ పిల్లనేమీ అడగాకు, గిన్నె దాసిపెట్టు రేపు గూడా తింటా అనింది."

చేతిలోని నీళ్ల గ్లాసు కింద పెట్టేశాను.

"నేను లాక్కోవచ్చు ఆ గిన్నె. లాక్కోలేదు. అన్నంలో కలుపుకోని తింటా ఆమె నవ్వింది. రెండేండ్లయింది ఆమె తిండి తింటా నవ్వి. నేనెట్ల లాక్కుంటా?" నా వైపు తిరిగింది. "ఇదంతా నీకొక్కదానికే ఉండాదనుకుంటాండావా?"

తప్పు లేదని ఆమె అనలేదు. నేను అనిపించుకోవాలని కూడా చూడలేదు. ఇదే మాట అప్పుడు ఆసుపత్రిలో నాతో చెప్పి ఉంటే తిట్టేదాన్నని, ఇన్నాళ్లకు నువ్వే నడుచుకుంటూ వచ్చి చెబితే ఏం చెయ్యాలో తెలియడం లేదని మహబూబ్‌బీ అంది. తర్వాత లేచి లోపలికి పోయింది.

ఇక వెళ్లిపొమ్మంటుందేమోనని నేనూ లేచాను. ఆమె కంచంతో వచ్చింది. జొన్నరొట్టె, వంకాయ కూర.

"ఉప్పేసినా దీన్లో. కారం గూడా ఉంది. నీకు కుదురుతాదో లేదో చూసుకో, కుదరకుంటే పాలు పోస్తా" అంది.

నేనేమీ దాచకుండా చెప్పాను. డాక్టరు వేసుకోమని మూడు నెలలయిందని, నేనే వేసుకోలేదని. మళ్లీ కూర్చున్నాను. రొట్టె తుంచి కూరలో అద్దాను. నోట్లో పెట్టుకోగానే దవడల కింద నుంచి లాగినట్టయింది. కళ్లను నీళ్లు కమ్మాయి. అది రుచో మంటో తెలియలేదు, అంత గట్టిగా తగిలింది. ఎవరైనా అడుగుతారేమోనని చెవి ఒగ్గి నమిలాను. ఎవరూ అడగలేదు. ఎదురుగా మహబూబ్‌బీ మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని, నా కళ్ల కింద ఎక్కడైనా ఉబ్బుతుందేమో చూస్తున్నట్టు, నా ముఖం మీంచి చూపు తీయకుండా కూర్చుంది.

రొట్టె మొత్తం తిన్నాను.

"ఇంకోటి పెట్టేదా?" అంది.

పెట్టమన్నాను.